పుట్టుమచ్చ లేని ఫొటో

మా ఆడపడుచు కువైట్‌లో ఒకళ్లింట్లో వంట చేసేది. కూతుర్ని మా దగ్గర వదిలి వెళ్లింది. పెదపాడు దగ్గర, చేపల చెరువుల మధ్య ఊరు మాది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా ఇళ్లలోకి వచ్చాయి. వాటిలో మాట వినపడేదే గానీ మనిషి కనపడేది కాదు.

ఆ వేసవిలో పిల్లకు ఆటలమ్మ పోసింది. మా అత్తగారు గుమ్మానికి వేపరెబ్బలు కట్టి, ఇంట్లో పోపు మాన్పించి, పిల్లను వేపాకుల మీద పడుకోబెట్టారు. తల్లికి చెప్పి బెంగపెట్టడం ఎందుకని ఊరుకున్నాం. ఇలాంటివి దాగుతాయా? మా ఊరి మనిషే ఇంకొకత్తె కువైట్‌లో ఉంది. ఆవిడ ఇంతదాన్ని అంత చేసి చెప్పింది.

“నిజం చెప్పండొదినా! పిల్ల మొహమంతా పాడైపోయిందంట కదా?” అని ఫోన్‌లో ఏడుపు.

“ఎవరన్నారమ్మా? లేచి కూర్చుని మజ్జిగన్నం తింటోంది.”

“అయితే ఫొటో పెట్టండి. వచ్చే శుక్రవారం సెలవు. ఇక్కడ నెట్ షాపుకెళ్లి చూసుకుంటాను. కళ్లారా చూడకపోతే మాత్రం ఈ పని వదిలేసి వచ్చేస్తానంతే.”

ఒప్పుకున్న గడువు తీరకుండా వచ్చేస్తే అంతకాలం పడ్డ పాట్లన్నీ నీళ్లపాలే. అది దానికీ తెలుసు. తెలిసే అంటోంది.

అమ్మవారు ఇంట్లో ఉండగా ఫొటో తియ్యకూడదన్నారు అత్తగారు. పిల్లకు నీళ్లు పోశాక ఏలూరు తీసుకెళ్లాను. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నడిపే పెద్దాయన, ఫోన్లకు వచ్చేవాళ్లు తగ్గిపోయాక కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ చేసుకున్నారు. ఆయనే చిన్న కెమెరాతో ఫొటో తీసి, కంప్యూటర్‌లో కాసేపు ఏదో చేసి, ఊరికే ఫొటోలు దాచిపెట్టే సైటు ఒకటుంటే అందులో ఎక్కించారు. తెర మీద అడ్రసు చూపించారు. ఇంగ్లీషు అక్షరాలు నాకూ వచ్చు గానీ, అది వరుస మీద వరుస పోతూనే ఉంది. అక్షరాలు, అంకెలు, గీతలు.

“ఇదంతా ఫోన్‌లో చెప్పేసరికి దాని సెలవు కాస్తా అయిపోద్దండీ” అన్నాను.

“ఆయ్, దానికీ మందుందమ్మా” అని ఇంకో సైటు తెరిచి, ఆ పొడుగంతా అందులో వేసి ఒక్క మీట నొక్కారు. గంపెడు తోటకూర ఉడికి గరిటెడయినట్టు, అంత అడ్రసూ అర వరుసకు దిగింది.

“దీనికెంతండీ?”

“ఊరికేనమ్మా.”

“ఎవరూ ఏమీ తీసుకోకుండా ఎందుకు చేస్తారండీ?”

“నాకూ అర్థం కాదమ్మా. చేస్తున్నారు మరి.”

శుక్రవారం ఆ చిన్న అడ్రసు ఫోన్‌లో చదివితే ఒక్కసారికే రాసుకుంది. నేనూ అత్తగారూ ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. కాసేపటికి మోగింది.

“ఎవరి పిల్లండీ ఇది?”

“అదేంటమ్మా, మన పిల్లే!” అన్నాను.

“గౌను నేను పంపిందే. పిల్ల మాత్రం నాది కాదు. నా కూతురికి ఎడం కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉండాలి. ఏదీ? అద్దంలాగుంది మొహం! ఆటలమ్మ పోసిన మొహమేనా ఇది?”

అత్తగారు ఫోన్ లాక్కున్నారు. “ఓసి పిచ్చిదానా, నీ కూతురు నా ఒళ్లోనే ఉందే!” అని పిల్ల చేత మాట్లాడించారు.

దాని గొంతు వినేసరికి అవతల ఏడుపు ఇంకా ఎక్కువైంది. “గొంతు దాందే. మరి మొహం ఎందుకు దాస్తున్నారు? అంత పాడైపోయిందా అమ్మా? ఈ షాపులోనే కూర్చుంటాను. మూసేలోపు దాని మొహం చూపించకపోతే రేపే పని మానేస్తాను.”

పిల్లను చంకనేసుకుని మళ్లీ ఏలూరు బస్సెక్కాను. సంగతంతా విని బూత్ ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

“నేనే చేశానమ్మా. తల్లి చూసి బెంగపడుద్దని, మచ్చలు తుడిచే సైటులో వేశాను. అదీ ఊరికేనే. కనుబొమ్మ మీదది కూడా ఆటలమ్మదే అనుకున్నాను.”

“ఈసారి ఏమీ తుడవకండి. ముక్కు కారుతున్నా సరే, అలాగే ఉంచెయ్యండి.”

మళ్లీ ఫొటో, మళ్లీ చిన్న అడ్రసు. అక్కడి నుంచే ఫోన్ చేసి చదివి, బల్ల మీద కూర్చున్నాను. పిల్ల నా చెంగు నములుతోంది. బూత్ ఆయన చూడనట్టే ఉంటూ నా ఫోన్ వైపే చూస్తున్నారు.

మోగింది.

“ఒదినా.”

“చెప్పమ్మా.”

“బుగ్గ మీద ఆ గుంటలేంటండీ?”

“పూడిపోతాయమ్మా. రోజూ కొబ్బరినూనె రాస్తున్నాను.”

“ముక్కు పక్కన గోకిందా?”

“గోకింది.”

“గోళ్లు తియ్యలేదా మరి? చేతులకి గుడ్డ కట్టాలని తెలీదా? అమ్మంటే పెద్దదైపోయింది, మీకేమైందండీ?”

చాలాసేపు తిట్టింది. ఎంత తిట్టినా నాకు చల్లగానే ఉంది. సరేనమ్మా, సరేనమ్మా అంటూనే ఉన్నాను. అలిసిపోయి, చివరికి ముక్కు చీదుకుంది.

“ఉంటానొదినా. రేపు వీళ్లింటికి చుట్టాలొస్తున్నారు. తెల్లారగట్లే లేచి మాంసం నానబెట్టాలి.”