మిర్చి టిక్కీల మధ్య లాప్‌టాపు

తెర మీద ఫోటో ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. తెల్ల ముసుగు వచ్చింది, నుదురు వచ్చింది, కాటిక పెట్టుకున్న కళ్ళు వచ్చినయ్యి, ముక్కుపుడక కూడా వచ్చింది. అక్కణ్ణుంచి కిందంతా బూడిద రంగే. మౌసు బాణం కాస్తా ఇసక గడియారం అయి కూర్చుంది.

"అక్కా, నా నోరేది?" అంది పక్కన నిలబడ్డ పెళ్ళికూతురు.

"వస్తంది, వస్తంది. కంగారుపడతావేంది, నీ నోరు ఎక్కడికి పోద్ది," అన్నాను నేను.

రాలేదు. కాసేపు చూశాం. తెర మొత్తం నీలంగా అయ్యి, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బోలెడు పడి, లాప్‌టాపు దానంతటదే ఆరిపోయింది.

మాది పేటలో గుంటూరు రోడ్డు మీద ఫోటో స్టూడియో. ఎరువుల కొట్టు పక్కన రేకుల గది. మా ఆయన పెళ్ళిళ్ళకి పోయి ఫోటోలు తీసేవాడు. పదో తరగతి దాకా చదివినదాన్ని, ఆయన దగ్గరే నాలుగు బటన్లు నేర్చుకుని, ఫోటో చుట్టూ గులాబీలు అంటించటం, పెళ్ళికొడుకు గుండెలో పెళ్ళికూతుర్ని పెట్టటం నేను చేసేదాన్ని. అప్పుడప్పుడే రీళ్ళు పోయి డిజిటల్ వచ్చిన రోజులు. లాప్‌టాపు ఎవరో వాడి అమ్మేసింది, గుంటూరులో పట్టుకొచ్చాడు. కెమెరా కార్డులో ఉన్నయ్యి అందులోకి ఎక్కించటం, కార్డు ఖాళీ చేసుకుని మర్నాడు ఇంకో పెళ్ళికి పోవటం. ముహూర్తాల రోజుల్లో అందరూ చేసేది అదే. అంటే ఏందంటే, ఆ పిల్ల పెళ్ళి ఈ లోకం మొత్తం మీద ఆ లాప్‌టాపులో తప్ప ఇంకెక్కడా లేదు.

అది ఆ పిల్లకి చెప్పలేదు. వేడెక్కిందిలే అన్నాను.

ఆ పిల్లది మిరపకాయ కోతలకి పోయే ఇల్లు. చర్చిలో పెళ్ళి. పర్చూరు వైపు ఊరికి ఇచ్చారు. వాళ్ళమ్మ దగ్గరికొచ్చి తిరిగి అత్తగారింటికి పోయేటప్పుడల్లా మా కొట్టు దగ్గర బస్సు దిగేది.

"ఈస్టరు లోపల ఇవ్వక్కా. మా అత్త చంపుకుతింటంది. పొద్దున లేస్తే ఫోటోలేవి, ఫోటోలేవి. ఈ పిల్ల కావాలనే తేవట్లేదు, మమ్మల్ని దాంట్లో చూపిచ్చుకోటం నామోషీ అంటంది. ఇంక ఏం చెప్పాలి నేను?"

"రెండ్రోజుల్లో ఇస్తా. మీ అత్తకి నా పేరు చెప్పు, తిడితే నన్ను తిట్టమను."

"అట్టాగే తిట్టిద్ది, నీకేం భయంలేదు," అని నవ్వుకుంటా బస్సెక్కింది. కొత్తగా కాపరానికి పోయిన పిల్ల. నవ్వింది గానీ బస్సు కిటికీలోంచి మళ్ళీ ఒకసారి మా కొట్టు వైపు చూసింది. నా ప్రాణం ఉసూరుమంది.

మా ఆయన వచ్చి విని, "వైరస్సే," అని తేల్చేశాడు. సెల్లుల్లోకి పాటలు ఎక్కించమని ఊళ్ళో కుర్రోళ్ళంతా కార్డులు తెచ్చి అందులో గుచ్చేవాళ్ళు మరి. స్కానింగు పెట్టాడు. ఆ లాప్‌టాపు వడ్లమిల్లు మాదిరి రొద చేసుకుంటా సగం దాకా పోయి ఆరిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆరిపోయింది. సెల్లు రిపేరు కొట్టాయన వచ్చి, "ర్యామ్ అన్నా, ర్యామ్. పిల్లల రబ్బరు పెట్టి రుద్దితే అదే దార్లోకొస్తది," అన్నాడు. తీసి రుద్దాం. వెనక మూత తీస్తే ఫ్యాను చుట్టూ ఎర్రగా దూది మాదిరి పేరుకుపోయి ఉంది. మా రోడ్డు మీద మార్కెట్ యార్డుకి పోయే మిర్చి లారీలే గదా. అడుగున ఇసక కూడా ఉంది, కొత్త జంటల్ని ఫోటోలకి వాడరేవు సముద్రం ఒడ్డుకి తీసుకుపోయిన గుర్తు. బ్రష్షుతో ఇట్లా అన్నానో లేదో, తుమ్ములు. నాకు, ఆయనకి, సెల్లు కొట్టాయనకి, గడపలో నిలబడ్డ ఎరువుల కొట్టు గుమాస్తాకి కూడా.

శుభ్రం చేసినాక కాస్త తేరుకుంది. తెర వెలిగింది. అప్పుడే మా అత్తయ్య అన్నం క్యారేజీ పట్టుకొచ్చింది.

"ఈ దెబ్బతో బాగయిపోద్ది," అన్నాడు మా ఆయన.

టిక్, టిక్, టిక్.

అత్తయ్య చిటికెలు వేసి, "కృష్ణ కృష్ణ," అంది. "విన్నావంట్రా, బల్లి పలికింది. నువ్వన్నది నిజమే."

నాకూ ప్రాణం లేచొచ్చింది. బల్లి పలికితే నేను నమ్ముతాను, ఇప్పటికీ నమ్ముతాను. ఆ ధైర్యంతోనే దాన్ని ఆపకుండా మధ్యాహ్నమంతా నడిపించాం. ఫోటో తెరవటం, సగంలో ఆగటం, ఆపి మళ్ళీ వెయ్యటం. మధ్య మధ్యలో బల్లి.

"ఆ పిల్ల ఫోటోలకేం కాదులే," అన్నాను నేను. టిక్, టిక్.

"ఇదుగో, మళ్ళీ!" అంది అత్తయ్య చిటికె వేసి.

"ఎండాకాలం కరెంటు పోదు," అన్నాడు మా ఆయన పరాచికానికి. టిక్, టిక్, టిక్.

అప్పుడొచ్చింది నాకు అనుమానం. పేటలో ఎండాకాలం కరెంటు పోదంటే ఏ బల్లీ సాక్ష్యం చెప్పదు. క్యాలెండరు ఎత్తి చూశా. ట్యూబు లైటు వెనక చూశా. రేకుల సందులు చూశా. బల్లి లేదు. వంగి చెవి ఆనించా. నా చెవిలోనే కొట్టింది.

"అత్తయ్యా, బల్లి ఇందులో ఉంది."

"ఓయమ్మో! దాంట్లోకి ఎట్టా దూరిందే?" అని ఆవిడ క్యారేజీ గిన్నె ఎత్తుకుని వెనక్కి జరిగింది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మాకు లాప్‌టాపు అమ్మిన గుంటూరు మెకానిక్కుకి ఫోను కొట్టి, సెల్లు దాని మీద ఆనించి పట్టుకున్నా. ఆయన రెండు టిక్కులు విన్నాడు.

"అమ్మా, ఆపు. ముందు ఆపు దాన్ని. ఎప్పట్నుంచి కొడతంది?"

"మధ్యాహ్నం నుంచండి. మేం బల్లి అనుకున్నాం."

ఆ పక్కన ఉత్తుత్తి దగ్గు వినపడింది. నవ్వు ఆపుకుంటన్నాడని నాకు తెలుసు.

"అది హార్డ్ డిస్కు. లోపల ముల్లుకి చోటు దొరక్క కొట్టుకుంటంది. నూటికి తొంభై పాళ్ళు పోయేదే. ఇంక స్కానింగులు పెట్టొద్దు, విండోస్ మళ్ళీ వెయ్యొద్దు. వేసిన ప్రతిసారీ ఇంకాస్త అరుగుద్ది. కావాల్సింది ఏదో ముందు అనుకుని, ఆన్ చేసి, అదొక్కటి కాపీ కొట్టుకుని ఆపెయ్యండి. బాగు చేసుకోటం తర్వాత."

"ఎంతసేపు పని చేస్తదండీ?"

"పది నిమిషాలో, పది రోజులో. నేను చెప్పలేనమ్మా. వేడి తగలనివ్వొద్దు."

వేడి తగలనివ్వొద్దంట. ఏప్రిల్లో, రేకుల గదిలో! ఫ్యాను తిప్పితే పొయ్యి మీద ఊదినట్టు ఉండేది. మా ఆయన తల పట్టుకున్నాడు. తను తీసిన పెళ్ళి ఒకటి పోయిందంటే ఇంక చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పిలుస్తారని ఆయన బాధ. నాకు మాత్రం బస్సు కిటికీలో ఆ పిల్ల మొహమే కనపడతంది.

క్యారేజీ సర్దుకుంటా అత్తయ్య అంది, "చల్లగా ఉండాలంటే మీ మామయ్య దగ్గరికి తీసుకుపోండి. మిరపకాయలకే అంత చల్లదనం పెడతన్నారు, దీనికి పెట్టరా?"

అత్తయ్య తమ్ముడు కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్. మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. లాప్‌టాపుని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఆయన పక్కన కూర్చున్నా. గుంట వచ్చినప్పుడల్లా, "బాబాయ్, మెల్లగా, మెల్లగా," అని ఆటో ఆయన్ని చంపుకుతిన్నా.

మామయ్య ఎండాకాలంలో స్వెట్టరు, మంకీ టోపీ పెట్టుకుని గేటు తీశాడు. దుప్పటి మూట చూసి, "ఏం మిరపకాయమ్మా ఇది? తేజానా, సన్నాలా?" అన్నాడు.

"ఇది పుచ్చిన కాయ మామయ్యా. కుళ్ళిపోక ముందు గింజలు తీసుకోవాలి."

బస్తాలుండే లోపలి గదిలో ప్లగ్గు లేదు. దాని తలుపు ముందు చిన్న వరండా ఉంది, అక్కడ ఉంది. మామయ్య తలుపు బారెడు తీసి పెట్టాడు. లోపల చీకట్లో కప్పు దాకా మిర్చి టిక్కీలు, నిండా కుక్కిన గోనె బస్తాలు, ఒకదాని మీద ఒకటి. చలితో పాటు ఘాటు కూడా వచ్చింది. నేల మీద గోనె పరుచుకుని, ముక్కుకి చెంగు కట్టుకుని కూర్చున్నాం. లాప్‌టాపు కాసేపు చల్లారనిచ్చి, పెన్ డ్రైవు గుచ్చి, మా ఆయన ఆన్ చేశాడు.

తెర వచ్చింది. టిక్కు లేదు. ముగ్గురం ఊపిరి తీసుకోలేదు.

పెళ్ళి ఫోల్డరులో మూడున్నయ్యి. ఇంటి దగ్గరవి, చర్చిలోవి, స్టేజీవి. మా ఆయన స్టేజీ మీద బాణం పెట్టాడు.

"అదెందుకండీ ముందు?"

"ఎందుకేంది? చుట్టాలంతా దాంట్లో ఉంటే! బహుమతి ఇచ్చి ఫోటో దిగినోడు ఆల్బంలో తను కనపడకపోతే ఊరుకుంటాడా? మా ఫోటో ఏదిరా అని కొట్టు మీదికొస్తారు."

అదీ నిజమే. మా వైపు పెళ్ళికి వచ్చినోళ్ళు అన్నం తిన్నా తినకపోయినా స్టేజీ ఎక్కి దిగకుండా పోరు.

"వాళ్ళకేంది, వచ్చే వారం ఇంకో పెళ్ళిలో స్టేజీ ఎక్కుతారు. ఆ పిల్లకి ఇంకో పెళ్ళుందా?" అన్నాను.

మా ఆయన నా వంక చూశాడు. మామయ్య టోపీ సర్దుకుంటా, "అమ్మాయి చెప్పింది న్యాయంగా ఉందిరా," అన్నాడు. బాణం చర్చి మీదికి జరిగింది.

పచ్చ గీత మెల్లగా, మెల్లగా నిండింది. ఒకచోట ఆగింది. మామయ్య లోపలికి పోయి తలుపు ఇంకాస్త తీసి, అట్టముక్కతో చలిగాలి ఇటు విసిరాడు. కదిలింది. చర్చివి మొత్తం వచ్చేసినయ్యి. ఉంగరాలు, పాస్టరు గారి ప్రార్థన, మెట్ల మీద బియ్యం పూలు చల్లింది, అన్నీ. ఇంటి దగ్గరవి కూడా వచ్చినయ్యి. మా ఆయన స్టేజీవి లాగి వేశాడు.

టిక్. టిక్. టిక్.

ఈసారి ఎవరం చిటికె వెయ్యలేదు. కాసేపు కొట్టుకుంది. తర్వాత చిన్నగా ఈల మాదిరి మూలిగి, ఆగింది. ఆపి వేశాం, తెర నల్లగానే ఉంది. ఇంకా చల్లబెట్టి వేశాం. ఇంక రాలేదు.

"పెళ్ళి దక్కింది గదా," అన్నాను, ముక్కు చీదుకుంటా. ఏడుపో, మిరప ఘాటో నాకే తెలియదు.

రెండ్రోజులకి, సాయంత్రం పూట, పక్క నెట్ సెంటరు వాళ్ళ కంప్యూటర్లో పెన్ డ్రైవు పెట్టి చూస్తంటే, ఆ పిల్ల వాళ్ళమ్మ ఊళ్ళో కోతల నుంచి నేరుగా వచ్చింది. మిరపకాయ చేతులు, దేన్నీ ముట్టుకోకుండా వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను ఒక్కోటీ తిప్పా. ఆ ముక్కు దాకా ఆగిన ఫోటో వచ్చింది. నోరు ఉంది, నవ్వుతా ఉంది.

"అబ్బ, బాగానే ఉన్నానక్కా!"

"మరి? నీ నోరు ఎక్కడికీ పోదని చెప్పలా?"

అన్నీ చూసింది. ఇంకోసారి తిప్పమంది. తర్వాత అడిగింది, "మా అత్త దిగింది ఏదక్కా? స్టేజీ మీద, నా పక్కన?"

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు. బల్లి దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా. వింటా వింటా మధ్యలో నవ్వింది. చివరికి నవ్వు ఆగింది.

"అయ్యో," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అది కాదక్కా. నేనూ మొన్నటిదాకా సాధింపే అనుకున్నా. మొన్న నీ దగ్గర్నుంచి పోయినాక మా మరిది చెప్పాడు. మా అత్త పుట్టిన కాడ్నుంచి ఒక్క ఫోటో దిగలేదంట. రేషను కార్డులో కూడా మా మామదే ఉంది. ఆ స్టేజీ మీదిదే మొదటిది. ఎట్టా వచ్చానో చూసుకోవాలని. నోరు తెరిచి అడగటం సిగ్గేసి, నన్ను తిట్టుకుంటా తిరుగుతంది."

మా ఆయనకి చెప్పాను. లేచి కెమెరా బ్యాటరీ ఛార్జింగు పెట్టాడు. "రేపు నాకు పెళ్ళి ఉంది. పదింటి లోపల కెమెరా తెచ్చిస్తావా?" అన్నాడంతే.

పొద్దున్నే మొదటి బస్సుకి, కెమెరా సంచీ మెళ్ళో వేసుకుని ఆ పిల్లతో పాటు నేనూ ఎక్కాను. మేం పోయేసరికి ఆవిడ కల్లంలో కాయ ఎగదోస్తంది. మనిషి సన్నగా, నల్లగా, జుట్టు దుమ్ముతో ఎర్రబడి ఉంది. ఏం తిడద్దో అని ముందే, "తప్పంతా మా మిషన్‌దే పిన్నీ, మీ కోడలికేం సంబంధం లేదు," అని గబగబా అనేశాను.

ఆవిడ నా మాట విననే లేదు. సంచీ వంకే చూస్తంది. "ఇప్పుడు తీస్తావా?" అని, జవాబు కోసం ఆగకుండా ఇంట్లోకి పరిగెత్తింది. మొహం కడుక్కుని, పెళ్ళికి కట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి గోడ పక్కన నిలబడింది. కోడలు పక్కకి రాబోతే, "నువ్వుండవే, ముందు నేనొక్కదాన్ని," అంది.

కదలొద్దన్నానని ఊపిరి కూడా బిగబట్టింది.

"పీల్చు పిన్నీ, పీల్చు," అన్నాను. పీల్చింది. నొక్కాను.