తూకం తర్వాతి గుప్పెడు

నిన్న పెందుర్తి రైతుబజారులో వంకాయలు తూచిన ఆవిడ, సంచీ నా చేతికిచ్చాక ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ లాక్కుని రెండు కరివేపాకు రెబ్బలు పడేసింది. నేను అడగలేదు, ఆవిడ లెక్క కట్టలేదు. స్కూటరు మీద ఇంటికొచ్చేదాకా ఆ కరివేపాకు వాసన నాతోనే వచ్చింది. దాని వెంట మా కాలేజీ సుగుణ మేడం కూడా వచ్చారు. కొసరు వేసే చెయ్యి ఎక్కడ కనిపించినా నాకు ఆవిడే గుర్తొస్తారు. మీరు ఆవిణ్ణి చూసి ఉండరు. చూసి ఉంటే ఈపాటికి మీ దగ్గరా ఒక కథ ఉండేది.

ఇంటర్ అయ్యాక నేను చేరింది ఎకనామిక్స్, సోషియాలజీ కలిపిన బి.ఏ.లో. ఏరి కోరి చేరానంటే అబద్ధమే. బీకాంలో సీట్లు నిండిపోయాయి, ఇది మిగిలింది. మల్కాపురంలో మా వీధి వీధంతా "ఏటి సదువుతన్నావే?" అని అడగడం, నేను రెండు పేర్లూ చెప్పడం, విన్నవాళ్ళు పాపం అన్నట్టు చూడటం రోజూ ఉండేదే. మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆయనకి ఈ జోడు చదువు అసలు మింగుడుపడలేదు. "క్రేనుకి కొక్కెం ఒకటే ఉంటాదమ్మీ. నువ్వు రెండు బరువులు ఒకేపాలి తగిలించుకుని ఏటి లేపుతావు?" అనేవాడు. ఇంతలో బీకాంలో ఎవరో మానేశారని తెలిసింది. నెలాఖరులోపు గ్రూపు మార్చుకోవచ్చు, మా మేడం సరేనంటే చాలు. నాన్న నిర్ణయం చేసేశాడు. నన్ను అడగలేదు.

చిక్కేమిటంటే, అప్పటికే నాకా క్లాసు వదలబుద్ధి కావడం లేదు. కారణం సుగుణ మేడం. ఆవిడ పద్మనాభం దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఇంటి పాదున కాసిన బీరకాయల సంచీ, నోట్లో కండక్టరుతో పూర్తికాని తగువు. రెండు సబ్జెక్టులూ ఆవిడే చెప్పేవారు. ఎకనామిక్స్ పీరియడ్‌లో కుర్చీ బల్లకి ఎడమవైపు, బెల్లు కొట్టి సోషియాలజీ మొదలవగానే అదే కుర్చీ కుడివైపు. అటు కూర్చున్నప్పుడు ఇటు కూర్చున్న మనిషిని తిట్టేవారు. "ఇందాక ఇక్కడొకావిడ మనిషి లాభం చూసుకునే నడుస్తాడని చెప్పి వెళ్ళింది. ఆవిడెప్పుడైనా పెళ్ళికి చదివింపులు చదివించిందా, కనుక్కోండి!" మేము పడి పడి నవ్వేవాళ్ళం.

ఆ క్లాసుకో చట్టం కూడా ఉండేది. ఎకనామిక్స్ గంటలో "మనవాళ్ళు" అనకూడదు, సోషియాలజీ గంటలో "గిట్టుబాటు" అనకూడదు. నోరు జారినవాళ్ళు మర్నాడు అందరికీ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తేవాలి. అందరికంటే ఎక్కువసార్లు నోరు జారింది మేడమే. అందుకని ఆవిడ సంచీలో బీరకాయల కింద ఎప్పుడూ ఒక కాయల పొట్లం సిద్ధంగా ఉండేది.

నాన్న కాలేజీకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీ ఎడమవైపు ఉంది. తూకం వేశాక కొసరు ఎందుకు వేస్తారన్నది ఆవాళ్టి చర్చ. "బేరం మళ్ళీ రావాలని మేడం" అని ఒకడు చెప్పి కూర్చున్నాడు.

మేడం నాన్నను చూసి, "రండి రండి, సమయానికొచ్చారు. లత వాళ్ళ నాన్నగారు కదూ? కూర్చోండి. చేపలు ఎవరి దగ్గర కొంటారు?" అన్నారు.

గ్రూపు సంగతి మాట్లాడదామని వచ్చిన మనిషి బిత్తరపోయి చివరి బెంచీలో కూలబడ్డాడు. "మా ఈదిలోకి నూకాలొత్తాదండి. ఆవిడి కాడే."

"రేటు తక్కువా?"

"తక్కువేటండి! బజారు కన్నా ఓ రవ్వ ఎక్కువే. గానీ నెత్తళ్ళు తూసినాక ఓ గుప్పెడు పైన ఏస్తాది."

"ఆ గుప్పెడు కోసమేనా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. "కాదండి. ఓపాలి మా ఇంటిది ఆస్పత్రిలో ఉంటే, ఈ పిల్లకి నూకాలే కూడొండి పెట్టినాది. ఇప్పుడు ఇంకోల కాడ కొంటే దాని మొకమెలా సూత్తాను?"

ఆ మాట నాకు కొత్త. నూకాలు చేతి ముద్ద తిన్నానని ఆ రోజు వరకూ నాకు తెలియదు. అప్పుడే బెల్లు కొట్టారు. మేడం లేచి, కుర్చీ ఎత్తి కుడివైపు వేసుకున్నారు. క్లాసంతా చప్పట్లు.

నాన్న మాత్రం వదల్లేదు. "అయితే మేడంగారూ, రేపు ఆవిడ రేటు మరీ పెంచేసినా నాను నోరెత్తకూడదేటండి? మొకమాటంతో మనిషి మునిగిపోడేటి?"

"అదండీ ప్రశ్న!" అంటూ మేడం బల్ల గుద్దారు. "అది తేల్చడానికి మాకు రెండు సబ్జెక్టులూ కావాలి." ఆ గంటంతా ముప్పై మంది పిల్లలూ, ఒక క్రేన్ డ్రైవరూ వాదించుకున్నారు. వేడిలో నాన్న "గిట్టుబాటు" అనేశాడు. వేరుశనక్కాయలు బాకీ పడ్డాడు.

చివర్న ఆయన వచ్చిన పని చెప్పాడు. మేడం నవ్వు ఆపారు. "నాకు అభ్యంతరం లేదండి. ఇది చదివితే ఉద్యోగం ఖాయమని నేను చెప్పలేను. అమ్మాయిని అడిగారా?"

నాన్న నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. "ఏటమ్మీ, ఉంటావేటి?"

"ఉంటాను నాన్నా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఉండు మరి" అని చెప్పులేసుకున్నాడు. మర్నాడు నా చేత ఒక సంచీడు కాయలు పంపాడు. ఆ సాయంత్రం నుంచి డిగ్రీ అయ్యేదాకా, డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటూ ఒకటే ప్రశ్న: "ఇయాల మీ మేడం ఏటన్నాది?" చెప్పలేకపోతే నాకు అన్నం సహించేది కాదు, చెబితే ఆయన వాదన ఆపేవాడు కాదు. ఒక ఫీజుకి ఇద్దరం చదివాం.

మేడం పదవీ విరమణ సభకి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. అప్పటికి నేనూ ఒక కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెబుతున్నాను. ప్రిన్సిపాల్ మాట్లాడుతూ మాకెవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పారు. సోషియాలజీ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీ. మేడంది ఎకనామిక్స్ ఉద్యోగం మాత్రమే. మాస్టారు లేరని గ్రూపు ఎత్తేయబోతే, ఆవిడ ఆ వయసులో సోషియాలజీలో మళ్ళీ ఎం.ఏ. పరీక్షలు రాసి, ఆ పాఠాలు తనే చెబుతానన్నారట. దానికి పైసా అదనంగా పుచ్చుకోలేదట. అటూ ఇటూ జరిగిన ఆ కుర్చీని మేము వేళాకోళం అనుకున్నాం. నాకు కళ్ళు మసకబారాయి.

సభ అయ్యాక నాన్న ఆవిడ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. "అంటే మేడంగారూ, మా పిల్లకి మీరు తూసింది ఎకనామిక్స్. సోసాలజీ అంతా కొసరేనన్నమాట."

మేడం పకపకా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "తూకంలో మాత్రం తక్కువ చెయ్యలేదు కదండీ?" అన్నారు.

ఇప్పుడు నా క్లాసులో బెల్లు కొట్టగానే పిల్లలు సంచులు సర్దేస్తారు. నేను మాత్రం కుర్చీ ఎత్తి బల్లకి అటువైపు వేసుకుంటాను. "ఏటి మేడం, బెల్లయిపోనాది కదా!" అని మూలుగుతారు.

"తూకం అయిపోయిందమ్మా, ఒప్పుకుంటాను" అంటాను. "ఇది కొసరు. కూర్చోండి."