అన్నయ్య ఫోన్ నంబరు

మండపేట దగ్గర మా ఊళ్లో వరి కోత మిషన్లు తిప్పే ఒకాయన కోసం నేనొక వెబ్‌సైట్ రాశాను. అందులో పేరు నమోదు చేసుకున్న రైతుకు మిషన్ వంతు వస్తుంది. డేటాబేస్‌లో ఒక్కో మనిషినీ గుర్తుపట్టడానికి ప్రైమరీ కీ అని ఒకటి ఉండాలి. అది ఏ ఇద్దరికీ ఒకటి కాకూడదు, ఎప్పటికీ మారకూడదు. నేను ఫోన్ నంబరు పెట్టాను. మా వైపు నంబరు మనిషిది కాదు, ఇంటిది. ఒకరు పోతే ఆ సిమ్ము ఇంకొకరు వాడుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు.

వేసవిలో అన్నయ్య పోయాడు. కార్తీకంలో వాళ్ల సార్వా చేను, అంటే వానాకాలపు వరి, కోతకొచ్చింది. నాలుగు రోజుల్లో తుఫాను వస్తుందన్నారు, మిషన్ వంతులు నిండిపోతున్నాయి. ఆ సాయంత్రంలోగా పేరు నమోదు కాకపోతే పంట నీళ్లపాలే. వదిన అన్నయ్య ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నా పేరు కొడుతుంటే ఈ నంబరు ఇప్పటికే ఉందంటుంది, మరిదిగారూ. మీ సైటుకి ఇంకా కబురందలేదా ఏంటండీ?"

"అన్నయ్య పేరు మీదే తీసుకోండి వదినా, ఈసారికి."

"గట్టు మీద నిలబడి డ్రైవరు ఆయన పేరు పెట్టి పిలిస్తే నేను పలకాలాండీ? పేరు మార్చేయండి, సరిపోద్ది."

పేరు మారిస్తే అన్నయ్య కోయించిన పంటలన్నీ ఆవిడ కోయించినట్టు అవుతాయి. ఆయన నమోదు చెరిపేస్తే దాంతో పాటు ఆ పంటల లెక్కలూ పోతాయి. ఎవరూ చూడరు. అయినా చేయలేకపోయాను.

అప్పుడే కూర్చుని రైతులందరికీ ఏ అర్థమూ లేని సంఖ్యలు ఇచ్చాను, ఒకటి నుంచి. పాత కోతల లెక్కలను వాటికి కలిపాను. ఫోన్ నంబరు ఊరు పేరులాగా ఒక మామూలు వివరమైంది. రెండున్నర గంటలు పట్టింది. వదిన కుర్చీలోంచి లేవలేదు.

అన్నయ్యకు పదిహేడు వచ్చింది. ఆ నంబరు ఇక వదినది కాబట్టి ఆయన ఫోన్ గడి ఖాళీ చేయబోతే సైటు ఒప్పుకోలేదు. నంబరు తప్పనిసరి అని నేనే రాసి ఉన్నాను. అది తీసేశాను. వదినకు రెండు వందల పన్నెండు, ఎల్లుండి పొద్దున్న వంతు.

"ఆ పదిహేడు ఇంకెవరికైనా ఇస్తారాండీ?"

"ఇవ్వం. ఒకసారి ఒకరికి ఇచ్చింది మళ్లీ రాదు."

"అయితే ముందే ఇలా చేయాల్సింది."

అవునన్నాను.

మూడో రోజు పొద్దున్న మిషన్ వచ్చింది. డ్రైవరు ఫోన్ చూసుకుని వదిన పేరు పిలిచాడు. ఆవిడ పలికింది.