సైజులు కలిపేసిన యంత్రం

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, గ్రే స్ట్రీట్ వెనక ఉన్న సెసిల్ గారి బట్టల ఫ్యాక్టరీలో ప్రేమీది మార్కర్ వేసే పని. ప్యాంటు అట్టముక్కల్ని గుడ్డ వెడల్పంత కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి ఇరికించి, పెన్సిలుతో గీయాలి. మార్కర్ అనే ఆ కాగితాన్ని గుడ్డ దొంతర మీద పరిచి గీత వెంట కోస్తారు. ముక్కల మధ్య ఖాళీ ఎంత తగ్గితే అంత గుడ్డ మిగులుతుంది. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేల ఊడవడానికి చేరిన పిల్ల, చీపురు పట్టుకుని చూస్తూ చూస్తూ నేర్చుకుంది.

ఆ దేశంలో నల్లా తెల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన రెండేళ్లకు, బయటి దేశాల చవక బట్టలు ఓడలకొద్దీ దిగాయి. పక్క వీధి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. యజమాని సెసిల్ మార్కర్లు గీసే ఒక కంప్యూటర్‌ను పరీక్షకు తెప్పించి, దాన్ని నడిపే కీత్‌ను పిలిపించాడు.

"కొనమంటావా, పాత పద్ధతే ఉంచమంటావా? నీ మాట ప్రకారమే చేస్తాను," అన్నాడు ప్రేమీతో.

కొంటే మార్కర్ బల్ల దగ్గర ఇద్దరు అక్కర్లేదు. ఆ రెండో మనిషి మ్యూరియెల్. మొగుడు పోయాక పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతోంది.

"అక్కా, దానికి గళ్ల గుడ్డ ఇయ్యి," అంది మ్యూరియెల్ టీ వేళ. "గళ్లు కలపడం దానికి రాదు. తన్నుకుంటాది."

"ఆడపిల్లల గళ్ల గౌన్లు ఏడాదికోసారే. మిగతా ఏడాదంతా మనం చేసేది బూడిదరంగు బడి ప్యాంట్లు కదే."

"ఐకోనా! కాదంటే కాదు! బుర్ర ఉందా నీకు? ఎవడడిగాడు నిన్ను నిజం?"

ప్రేమీ బూడిదరంగు ప్యాంట్లే ఇచ్చింది. తన మార్కర్ పక్కన యంత్రం గీసిన కాగితాన్ని పరిచి టేపు పట్టింది. యంత్రానిది పొట్టిగా వచ్చింది, అంటే గుడ్డ తక్కువ పడుతుంది. మళ్లీ కొలిచింది. అప్పుడు కనబడింది: పెద్ద సైజు కాలి వంపులోకి అది చిన్న సైజు కాలును దూర్చింది.

ప్రేమీ ఎన్నడూ సైజులు కలపలేదు. ఆమె పని మొదలెట్టిన రోజుల్లో కోత కోసిన యెల్లప్ప మామకు అంకెలు రావు. ఏ ముక్క కాగితంలో ఏ కొసన ఉందో చూసి కట్టలు కట్టేవాడు. ఆయన కోసమే ఏ సైజుకు ఆ సైజు విడిగా వేసేది. యెల్లప్ప కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇప్పటి కోతవాళ్లందరికీ చదువొచ్చు. అయినా ఆమె చెయ్యి ఆయన కోసమే వేస్తూ వచ్చింది. ఇన్నాళ్లూ ఎంత గుడ్డ చెత్తలోకి పోయిందో! మంచి పనివాడి పనిని చూసినట్టు, ఆమె ఆ వంపు వెంట వేలు రాసింది.

"నువ్వూ అట్టా కలిపి వేయగలవు కదా అక్కా?" అంది మ్యూరియెల్.

"వేయగలను. ఒక పూట పడతాది. అది మనం టీ తాగేలోపల వేసింది."

"అది టీ తాగదు మరి."

"అదే కదా నేననేది."

సాయంత్రం ప్రేమీ సెసిల్ గదిలోకి వెళ్లింది. మ్యూరియెల్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కొనండి," అంది ప్రేమీ.

"సరే. దాని ముందు నువ్వే కూర్చో."

"మ్యూరియెల్‌ను కూర్చోబెట్టండి. గళ్ల గౌన్లు నేను చేత్తో వేస్తాను."

"అవి బడులు తెరిచే ముందే కదా. తర్వాత?"

"తర్వాత నాకు పని ఉండదు. తెలుసు."

బయటికి రాగానే మ్యూరియెల్ విరుచుకుపడింది. "పిచ్చిదానా! నేను కూర్చోను, పో!"

ప్రేమీ ఆమె చెయ్యి పట్టుకుని యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, కుర్చీ లాగింది. "కూర్చో. ముందు గుడ్డ నిలువు పోగు ఎటుందో చూసుకో. అది తప్పితే ప్యాంటు కాలు మెలి తిరుగుతాది. ఎవరు గీసినా అంతే."

మ్యూరియెల్ కళ్లు తుడుచుకుని కూర్చుంది. "ఎక్కడ నొక్కాలి?"

"నాకేం తెలుసే? ఆ కీత్‌ను పిలు," అంది ప్రేమీ.