టీవీల నా ఏడుపు, నా ఆవలింత

"పాండన్నా! ఓ పాండన్నా! జల్దిరా! టీవీల నువ్వు ఏడుస్తున్నవ్!"

గల్లీ ఆ చివర నుంచి పిండి గిర్నీ యాదగిరి కేక. నేను ఈ చివర మిర్చి బజ్జీల బండి కాడ నిలబడ్డ. బజ్జీలు ఇంకా నూనెలనే ఉన్నయ్. పైసలు ఇచ్చిన గని పొట్లం తీసుకోవాలనే సోయి లేదు, ఒకటే ఉరుకుడు. ఈ వయసుల నేను గట్ల ఉరకంగ మా నాంపల్లి గల్లీ ఎన్నడూ చూడలే. టీవీల పడ్డ మనిషి నిమ్మళంగ నడుసుకుంట వస్తడా చెప్పుండ్రి!

ఉరికినంత సేపు ఎంత ఖుషీగ ఉన్ననో, ఇంట్ల అడుగు పెట్టినంక అంత పరేషాన్ అయిన. టీవీల కనపడితే పేరొస్తదంటరు. నాకెట్లాంటి పేరొచ్చిందో వినుండ్రి.

ముందుగాల మా సంగతి చెప్పాలె. నాకు ఆబిడ్స్‌ల రబ్బర్ స్టాంపుల దుకాణం ఉంది. పదో తరగతి దాంక చదివిన. పాటల గురించి నాకు తెల్సింది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. మా చెల్లె సుజాత లక్డీకాపూల్ కాడ కిరాయికి ఉంటది, ఒక బట్టల షోరూంల బిల్లింగ్ కౌంటర్ మీద పని. ఆమె బిడ్డ మౌనిక. డిగ్రీ చదువుతుంది. ఈసారి టీవీ పాటల పోటీల పాడింది ఆ పిల్లనే.

మౌనికకు పాట నేర్పింది వాళ్ల నాయిన, మా బావ. ఆయనేం పెద్ద విద్వాంసుడు కాదు, గన్‌ఫౌండ్రీల ఒక ఆఫీసుల క్లర్కు. పొద్దుగాల ఆఫీసుకు పోయే అంగీ ఇస్త్రీ చేసుకుంట బిడ్డతోని పాడిపిచ్చెటోడు. పిల్ల తప్పు పాడితే చెయ్యి ఆగేది. మళ్ళ సక్కగ పాడితేనే ఇస్త్రీ పెట్టె కదిలేది. అందుకే ఆయన అంగీల మీద అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలుండేటియి. మచ్చలు చూస్తే చాలు, పిల్ల ఆ పొద్దు ఎన్ని తప్పులు పాడిందో మాకు అర్థమయ్యేది. బావ పోయి కొన్నేండ్లయింది. ఆ అంగీలు సుజాత ఇంకా ఎవ్వరికీ ఇయ్యలే.

ఈ సీజన్ ఆడిషన్ బషీర్‌బాగ్‌ల అయింది. మౌనిక సెలెక్ట్ అయింది. ఒక్కో రౌండ్ దాటుకుంట పోతుంటే మా గల్లీల నా నడకనే మారిపోయింది. ప్రతి షూటింగ్‌కు సుజాత పోయి, పోటీ పిల్లల ఇంటోళ్ల కోసం ఏసిన కుర్చీలల్ల కూసునేది. ఆ ఒక్కసారి మాత్రం షోరూంల సేల్ నడుస్తుందని సెలవియ్యలే. దుకాణం కాడికొచ్చి నన్ను అడిగింది.

"అన్నా, రేపు నువ్వు పోవాలె. అది మనిషి మొఖం చూసుకుంట పాడ్తది. వాళ్ల నాయిన ఉన్నప్పటి సంది గదే అలవాటు. ఎదురుంగ మనోళ్లు ఒకరు కనపడాలె. నువ్వేం చెయ్యనక్కర్లే, ఊకె కూసుంటే చాలు."

"కూసునుడే గదా! దుకాణంల నేను చేసే పని గదే!" అన్న.

ఆ కూసునుడు కూడ నాతోని కాలే.

స్టూడియోకి పొద్దుగాలనే పోయినం. మౌనికను మేకప్‌కు తీసుకపోయిన్రు. నన్ను రెండో వరుసల కూసోబెట్టిన్రు. లోపల ఏసీ ఎట్లుందంటే, ఎండాకాలంల కూడ దుప్పటి కప్పుకోవాలె. లైట్లు సర్దుతున్నరు, తీస్తున్నరు, మళ్ళ సర్దుతున్నరు. పాట లేదు, ఏం లేదు. నాకు ఆవలింతలు మొదలైనయ్. చెయ్యి అడ్డం పెట్టుకోకుండ, ఇంట్ల లెక్కనే ఆవలించిన. షూటింగే మొదలు కాలేదు గదా, కెమెరాలు గూడ పండుకున్నయనుకున్న.

ఇంతల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒక మేడం నా ముందటికొచ్చింది.

"అంకుల్, మీ రియాక్షన్స్ కొన్ని ముందే తీసుకుంటాం. మంచి పాట వింటున్నట్టు అనుకోండి. కొంచెం ఎమోషనల్‌గా..."

"ఏం పాట మేడం?"

"ఏదైనా సరే అంకుల్."

ఏ పాట అనుకోవాలె? కండ్లు మూసుకుంటే ఇస్త్రీ బల్ల కాడ నిలబడ్డ బావ కనపడ్డడు. ఆయన ఉండి ఉంటే ఈ కుర్చీ ఆయనది. నేను ఆయన జాగల కూసున్న. గంతే! లోపటి నుంచి తన్నుకొచ్చింది. నేను నటించలే. సెప్తే నమ్ముండ్రి, ఆ ఏడుపు అసలు ఏడుపే.

"కట్! సూపర్ అంకుల్! ఫెంటాస్టిక్!"

చుట్టుముట్టు అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను ముక్కు చీదుకుంట, "ఇంకోసారి కావాల్నా మేడం?" అని అడిగిన.

ఏడుపు కాడ ఆగితే ఏం కాకపోవు. మొఖం కడుక్కొస్తనని బయటకు పోయిన. ఆడ లైట్ల పని చేసేటోళ్లు చాయ్ తాగుతున్నరు. "అంకుల్, మీరు సీరియల్లల్ల చేస్తరా?" అని ఒకాయన అడిగిండు. ఇగ చెప్పేదేముంది! గ్లిసరిన్ లేకుండ ఎట్ల ఏడ్వాలె, కండ్లల్ల నీళ్లు లోపట్నించి ఎట్ల రావాలె అని క్లాసు తీసుకున్న. వాళ్లు ఇంకో చాయ్ పోసిన్రు. నేను ఇంకో సంగతి చెప్పిన. పుట్టినప్పటి సంది నా మాట అంత మర్యాదగ ఎవ్వరూ వినలే.

లోపటికి పోదామని వచ్చేసరికి తలుపు మీద ఎర్ర లైటు ఎలుగుతుంది. గార్డు చెయ్యి అడ్డం పెట్టిండు.

"టేక్ నడుస్తుంది. పోనీకి లేదు."

"లోపట ఎవరు పాడుతున్నరు?"

"మౌనిక అంట."

"ఆమె నా మేనకోడలు భయ్! నన్ను చూసుకుంట పాడ్తది!"

"ఎవ్వరైనా అంతే. లైటు ఆరిపోవాలె."

తలుపుకు చెవి ఆనించిన. మందం తలుపు. డోలక్ దెబ్బ ఒక్కటే దుబ్ దుబ్ అని వినపడ్తుంది. పాట లేదు. లైటు ఆరిపోయి నేను నా కుర్చీల పడేసరికి, జడ్జీలు మాట్లాడుడు కూడ అయిపోయింది. సాయంత్రం ఫలితం చెప్పిన్రు. మౌనిక ఆ రౌండ్‌లనే బయటికొచ్చింది.

వాపసొచ్చేటప్పుడు ఆటోల పిల్ల మాట్లాడ్తలేదు. ధైర్యం చెప్పాలె గదా! చెప్పిన.

"ఏం పాడినవ్ బిడ్డా! ఆ జడ్జీలకు చెవులు లేవు. ముఖ్యంగ ఆ రెండో చరణం! అబ్బబ్బ! నా ఒళ్లు జల్లుమన్నది!"

ఏ పాటకైనా రెండో చరణం అంటూ ఒకటి ఉంటది గదా అని నా ధైర్యం. మౌనిక నా దిక్కు ఒక్కసారి చూసింది. మళ్ళ రోడ్డు దిక్కు మొఖం తిప్పుకున్నది. ఓడిపోయిందని బాధ పడ్తుందనుకుని, రెండో చరణం గురించి ఇంకింత చెప్పిన. ఆ పొద్దు సంది పిల్ల నాతోని ఊ అంటే ఊ. ఫోన్ జేసినా గంతే. దుకాణంకి రావుడు కూడ బంద్ జేసింది.

టీవీల వచ్చేదాంక ఫలితం ఎవ్వరికీ చెప్పొద్దని రూలు. గల్లీకి తెల్వదు, మాకే తెల్సు. "ఓడితేంది, నా బిడ్డ పాట అందరు కల్సి చూడాలె" అన్నది సుజాత. అందుకని అది టీవీల వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంటికే పిలిచిన. మా ఇంటామె బగార అన్నం, కోడికూర వండింది. గిర్నీ యాదగిరిని కూడ రమ్మన్న. పాట కాంగనే అందరం కూసుని తినాలని అనుకున్నం. అడ్వర్టైజ్‌మెంట్లు వస్తుంటే, మధ్యల నమలనీకి ఉండాలె గదా అని నేను బజ్జీలకు పోయిన.

గప్పుడే యాదగిరి కేకేసిండు.

ఉరికొచ్చి చూస్తే నిజంగనే టీవీ నిండ నేనే! కండ్లల్ల నీళ్లు జలజల కారుతున్నయ్, పెదవులు వణుకుతున్నయ్. ఏం ఏడ్చినని! నా ఏడుపు చూసి నాకే ఏడుపొచ్చింది.

"చూసిన్రా! గ్లిసరిన్ లేదు, ఏం లేదు!" అని సంబురంగ అందరి దిక్కు చూసిన. ఒక్కరు కూడ నవ్వుతలేరు. మళ్ళ టీవీ దిక్కు చూసిన. పాడుతున్నది మౌనిక కాదు. ఎవరో పచ్చ లంగావోణి పిల్ల.

మా ఇంటామె మెల్లగ అడిగింది. "ఎవరయ్యా గా పిల్ల? నీకేమన్న చుట్టమా?"

"ఏ, ఎక్కడిదో అక్కడ పెట్టేసిన్రు వీళ్లు! మన మౌనిక పాటకు చూడు, ఇంకా మంచిగ పెడ్తరు" అన్న.

మౌనిక పాట మొదలైంది. మీతోని ఎందుకు దాచాలె, ఆ పాట నేను వింటున్నది గదే మొదటిసారి. పల్లవి ఎత్తుకునే ముందు పిల్ల జర ఆగి ఊపిరి తీసుకున్నది. అచ్చం మా బావ చాయ్ గ్లాసు నోటి కాడ పెట్టుకునే ముందు ఆగినట్టు ఆగింది. గింత మంచి పాట నేను తలుపు బయట ఇడిసిపెట్టి చాయ్ తాగిన్నా అనుకున్న. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మొదటి చరణం అయింది. రెండోది ఎత్తుకున్నది.

గప్పుడు మళ్ళ టీవీ నిండ నేను. ఆవలిస్తున్న.

చిన్న ఆవలింత గాదు. పండ్లు, నాలుక, గొంతుల కొండనాలుక గూడ కనపడ్డది. ఆఖర్ల నోరు మూసుకుని చప్పరించిన కూడ.

"పాండన్నా" అన్నడు యాదగిరి. "నా గిర్నీల గోధుమలు పోసే డబ్బా కూడ గింత వెడల్పు లేదే!"

ఎవ్వరూ నవ్వలే. సుజాత రిమోట్ తీసి టీవీ బంద్ జేసింది. లేచి నిలబడ్డది. మా చెల్లె కోపంల అరవది, గొంతు ఇంకా తగ్గుతది. మాకు అదే భయం.

"ఎవరో పిల్ల పాడితే గట్ల ఏడ్చినవ్. నా బిడ్డ పాడితే నిద్రొచ్చిందా అన్నా? వాళ్ల నాయిన జాగల కూసోమని పంపిన నేను నిన్ను."

"గది ఎప్పటిదో ఆవలింత చెల్లె! పొద్దుగాలది! పాట మొదలే కాలే గప్పుడు!"

"టీవీల కనపడ్తుంటే ఇంకా ఎందుకు అబద్దం? పా మౌనికా, ఇంటికి పోదాం."

"జర తినిపో వదినా, అన్నీ వండిన" అన్నది మా ఇంటామె. సుజాత వినలే. బ్యాగు భుజానికేసుకుని, చెప్పులు ఏసుకుంటున్నది. ఈ పూట ఆమె ఆ గడప దిగితే మళ్ళ నా ఇంటికి రాదు. నాకు తెల్సు, అది నా చెల్లె. గాబరాల నా నోట్లె నుంచి నిజం ఊడిపడ్డది.

"అరే, ఆవలించనీకి నేను ఆడ ఉంటే గదా! పాటప్పుడు నేను లోపట్నే లేను! బయట చాయ్ తాగుతున్న!"

చెప్పినంక తెల్సింది ఏం చెప్పిన్నో. ఆవలింత కేసుల బయటపడబోయి, దానికన్న పెద్ద కేసు నేనే నా మీద రాసుకున్న! యాదగిరి తల పట్టుకున్నడు. మా ఇంటామె చేతుల గంటె అట్లనే ఉండిపోయింది. సుజాత ఒక చెప్పు ఏసుకుని, ఒక చెప్పు ఇడిసి, నా దిక్కు చూస్తున్నది.

గప్పుడు మౌనిక నోరు తెరిచింది.

"నాకు తెల్సు మామా."

"ఏం తెల్సు బిడ్డా?"

"నువ్వు లేవని. పాడుకుంట కుర్చీ దిక్కు చూసిన. ఖాళీగ ఉంది. బాత్రూంకు పోయినవేమో, వస్తవులే అని మొదటి చరణం పాడిన. రెండోదానికి మళ్ళ చూసిన. రాలే. లైన్ మర్చిపోయిన. పాట ఆపిన్రు. మళ్ళ ఎత్తుకుని పాడిన. ఆగిపోయింది టీవీల చూపియ్యలే, గంతే. జడ్జీలు ముందటనే ఉన్నరు గదా, వాళ్లు మార్కులు తీసేసిన్రు."

నేను గోడకు ఆనుకున్న. మౌనిక ఇంకా చెప్పింది.

"ఓడినందుకు కోపం లేదు మామా. మర్చిపోయింది నేనే. గని ఆటోల ఎక్కినప్పటి సంది రెండో చరణం, రెండో చరణం అని ఒకటే చెప్పినవ్. ఎక్కడికి పోయినవో ఒక్క ముక్క చెప్పలే. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూసుకుంట ఉన్న."

నేను నేల చూస్తున్న. "తప్పయింది బిడ్డా. మీ నాయిన గుర్తొచ్చి ఏడ్చిన. అందరు మెచ్చుకుంటే నెత్తికెక్కింది. ఆయన కుర్చీ ఇడిసి పోయిన."

సుజాత కండ్లు తుడుచుకున్నది. కోపం పోయిందా అంటే పోలే. గని ఏసుకున్న చెప్పు ఇడిసింది.

"ఇప్పుడు పాడు బిడ్డా, ఎదురుంగ కూసుని వింట" అన్న.

"ఇప్పుడు పాడ" అన్నది మౌనిక. "ఆకలైతుంది. అత్తా, అన్నం పెట్టు."

మా ఇంటామె ఇంకో మాటకు సందు ఇయ్యకుండ చాప పరిచి కంచాలు పెట్టింది. యాదగిరి అందరికన్న ముందు కూసున్నడు. సుజాత నాకు దూరంగ, ఆ చివరకు కూసుని, నా దిక్కు చూడకుండనే కోడికూర గిన్నె నా దిక్కు నూకింది. మౌనిక తన కంచం తెచ్చుకుని, సక్కగ నా ఎదురుంగ కూసున్నది. పక్కన కాదు, ఎదురుంగ.

గింతే. ఇగ నా కండ్లు ఆగలే. ఏడుపు వచ్చేసింది, ముక్కు కారుతుంది, చేతుల ముద్ద చేతులనే ఉంది.

యాదగిరి ఎముక చప్పరించుకుంట అన్నడు. "కెమెరా లేదు పాండన్నా. తిను."

అందరు నవ్విన్రు. మా చెల్లె కూడ నవ్వింది. నేను ముక్కు తుడుచుకుని తిన్న.