మెట్లెక్కే బండి ఇంకా ట్రయల్లోనే

"ఏమయ్యా, ఇది మనం బతికుండగా పూర్తవుతుందా, అవదా?"

అపార్ట్‌మెంట్ సెక్రటరీ మెట్ల మధ్యలో నిలబడి నిలదీశాడు. దారికడ్డంగా రెండు పెట్టెల బండి ఒకటి. ఆయన చెప్పు కింద ఓ టమాటా, అప్పటికే పచ్చడైపోయింది.

"ఇంకా ట్రయల్లోనే ఉందండీ" అన్నాడు పళ్ళాయన వినయంగా.

పళ్ళాయనంటే కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ఆయన. ఈ భూమ్మీద ఏదీ పూర్తయిందని ఒప్పుకోకపోవడం ఆయన జబ్బు. ఆ జబ్బు అంటించింది వృత్తే. పళ్ళను ముందు మైనంలో గుచ్చి, మనిషి నోట్లో పెట్టి, నవ్వించి, నాలుగు మాటలు పలికించి చూస్తారు. దాన్ని ట్రయలంటారు. అది కుదిరాకే అసలు సెట్టు. మిగతా పళ్ళ పనివాళ్ళు ఆ మాటను దుకాణంలో వదిలేసి తాళం వేసుకుంటారు. ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

"కూరెలా ఉంది?" అని భార్య అడిగితే, "ట్రయలుకి పరవాలేదు" అనేవాడు.

"మరి మన పెళ్ళో?"

"అంత తొందరపడి చెప్పే విషయమా అది?"

ఆ పూట పెరుగు ఆయన దాకా రాలేదు.

ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసేది. ముద్ర పడిందంటే పని అయిపోయినట్టే, తర్వాతి మనిషి ముందుకు రావాలి. అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు దొరకడం పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళ పనితనం. ఆవిడ ఓపికకు అసలు పరీక్ష మాత్రం ఆ బండి.

బండి మూరెడు పొడుగుంటుంది. ముందొక పెట్టె, వెనకొక పెట్టె, రెంటినీ కలుపుతూ నడుములో ఎటంటే అటు వంగే కీలు. చక్రాలు నేలను తాకవు. ప్రతి పెట్టెకీ రెండు పక్కలా రబ్బరు పట్టీలు తిరుగుతుంటాయి. ముందు పెట్టె మెట్టు మీదకి తల ఎత్తుతుంది, వెనక పెట్టె నెడుతుంది, నడుము వంచుకుని పైకి పాకుతుంది. మలుపొస్తే నడుము పక్కకి తిప్పుకుంటుంది. పట్టీల మీద పట్టుకోసం అతికించిన బిళ్ళలన్నీ కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీ రంగు సరుకుతో పోసినవి. అందుకని మెట్లెక్కుతుంటే ఎవరో బోసినోటి ముసలాయన నవ్వుకుంటూ పాకుతున్నట్టుండేది.

లిఫ్టు లేని ఆ బిల్డింగులో మూడో అంతస్తులో లెక్కల టీచరమ్మ ఒక్కతే ఉండేది. రిటైరైంది, మోకాళ్ళు ఆవిడకంటే ముందే రిటైరయ్యాయి. వీధిలో సగంమంది ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే. "సంచీ ఇలా ఇవ్వండమ్మా, తెచ్చిపెడతాను" అని వాచ్‌మన్ ఒకసారి అన్నాడు. "మోకాళ్ళు పోయాయి కానీ చేతులు పోలేదు నాయనా" అంది. అతను మళ్ళీ అడగలేదు. సంచీతో పాటు ప్రతి మలుపులోనూ ఆగి, గోడకానుకుని, ఎవరైనా వస్తే గోడ సున్నం పరిశీలిస్తున్నట్టు నటించేది.

అలాంటి ఆవిడ్ని పట్టుకుని పళ్ళాయన వారం వారం పీడించేవాడు. "టీచరమ్మా, ట్రయలుకి బరువు కావాలండీ. ఇంట్లో ఇటుకలు లేవు. మీ సరుకులుంటే కాస్త..."

"మళ్ళీ వచ్చావా! నీకు చిన్నప్పుడే భారాలూ బరువులూ తలకెక్కలేదు. సరే, తగలెయ్, కందిపప్పు కింద పెట్టు, నూనె సీసా మధ్యలో. అయ్యో, మధ్యలో అంటే అదా మధ్య!"

ఆ తిట్లు కింద అంతస్తు దాకా వినిపించేవి. భార్యకు తల కొట్టేసినట్టుండేది. పెద్దావిడ్ని ఇలా కాల్చుకు తినడమేమిటని.

టమాటా తొక్కిన సెక్రటరీ నోటీసు బోర్డెక్కించాడు. ఆదివారం అందరి ముందూ బండి పూర్తయిందని రుజువు చేయాలి, లేదంటే మెట్ల మీద కనిపించకూడదు. భార్య ఆ నోటీసు రెండుసార్లు చదువుకుని సంతోషించింది. ఎటు తేలినా పీడ విరగడ. శనివారం సాయంత్రం స్వయంగా మూడో అంతస్తుకెళ్ళి ఆ శుభవార్త చెప్పింది.

"రేపటితో మీకు మా ఆయన బెడద తీరుతుంది టీచరమ్మా. బండి పూర్తయిపోతుంది. ఇక మీ సరుకులు హాయిగా అదే తెచ్చిపెడుతుంది."

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పూర్తయిన బండిలో నా సరుకులెందుకొస్తాయమ్మా? ఒకళ్ళ చేత మోయించుకునే అలవాటు నాకు లేదు. మీ ఆయనకి బరువు కావాలన్నాడు, పాపం లెక్క రానివాడు కదా అని ఇచ్చాను. రేపట్నుంచి నా సంచీ నేనే తెచ్చుకుంటాను." అని గోడ వైపు చూసింది. ఆ గోడకి సున్నం బాగానే ఉంది.

భార్య మెట్లు దిగి ఇంట్లోకొచ్చేసరికి ఆయన నేల మీద బోర్లా పడుకుని బండి నడుములో మర తిప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"బిగిస్తున్నాను."

"ఎడమవైపు తిప్పితే బిగుస్తుందా?"

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"ఎప్పట్నించి బాగా నడుస్తోందిది?"

"వానాకాలానికి ముందు నుంచే."

"మరి ఆ టమాటాలు?"

"ఆ రోజు చెయ్యి జారి కాస్త ఎక్కువ వదులైంది" అని గొణిగాడు. "తప్పు లేకపోతే ఆవిడేం దిద్దుతుంది? దిద్దేది లేకపోతే సంచీ ఇవ్వదు. రేపు పైదాకా ఎక్కాలి, ఆవిడకి మాత్రం ఓ తప్పు కనపడాలి."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే ముద్ర కొట్టేస్తావని..."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అడక్కుండానే కాఫీ వచ్చింది.

ఆదివారం బిల్డింగంతా మెట్ల మీదే. మూడో అంతస్తు పైన కుర్చీలో టీచరమ్మ. బండి కదలకముందే కొంప మునిగింది. సెక్రటరీ జాగ్రత్తపరుడు. సొంత స్క్రూడ్రైవరు తెచ్చి, కనపడ్డ ప్రతి మరనూ బిర్రుగా బిగించేశాడు. పళ్ళాయన ముఖం మైనంలా పాలిపోయింది.

బియ్యం, పప్పు, కూరలతో టీచరమ్మ సంచీ ఎత్తుకుని బండి బయల్దేరింది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపూ తిరిగింది. గులాబీ చిగుళ్ళన్నీ బయటపెట్టి ఇకిలిస్తూ, ఒక్క గింజ ఒలకకుండా వెళ్ళి టీచరమ్మ కాళ్ళ దగ్గర బుద్ధిగా ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. చప్పట్లు వింటే ఉపన్యాసం ఇవ్వకుండా ఉండలేని మనిషి. "పూర్తయింది! వృద్ధులకు, అశక్తులకు మనమందరం కలిసి చేస్తున్న ఈ చిరు సాయం..."

"సాయమా? ఎవరికి?" టీచరమ్మ లేచి నిలబడింది. వంగి సంచీ బండిలోంచి తీయబోయింది. పళ్ళాయన భార్య వైపు చూశాడు.

"ఆగండాగండి!" కింద మెట్ల నుంచి భార్య గొంతు. జన్మలో మొదటిసారి ఆవిడ ఒక పనిని అవ్వనివ్వకుండా అడ్డుపడింది. "పూర్తయిందని ఎవరన్నారు? ఎక్కింది సరే, దిగిందా? బరువుతో దిగేటప్పుడు ముందు పెట్టె మీదుగా పిల్లిమొగ్గ వేస్తేనో?"

టీచరమ్మ చెయ్యి సంచీ మీదే ఆగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని బండిని పరీక్షగా చూసింది. "అదీ ప్రశ్న! దిగుడు లెక్క అసలు చూసుకోలేదు కదూ, మొద్దబ్బాయీ?"

"లేదండీ!" అన్నాడు పళ్ళాయన, లాటరీ తగిలినవాడిలా.

"అయితే ఇంకా ట్రయలే కదా, నిబంధన ప్రకారం మెట్ల మీద..." అని సెక్రటరీ అందుకున్నాడు.

"ఏరా సెక్రటరీ!" పైనుంచి పిలుపు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు వీపు వెనక్కి పోయింది. "ట్రయలు చెయ్యకుండా తప్పెలా తెలుస్తుందిరా? ఆరో క్లాసులోనూ నీది ఇదే తంతు. లెక్క చెయ్యకుండా కింద జవాబు రాసేసేవాడివి. అదీ పక్కవాడిది చూసి."

నోటీసు ఆ మధ్యాహ్నమే బోర్డు దిగింది.

ఇప్పుడు తప్పులు వెతికే బాధ్యత భార్యది. దిగుడు కుదిరితే తడి మెట్లంటుంది, తడి కుదిరితే చీకటంటుంది. బండికి మోటార్లిచ్చిన కార్ల మెకానిక్కు ఒక్కడికే ఈ ఏర్పాటు నచ్చలేదు. బండి పూర్తవగానే ఇస్తామన్న మోటార్ల డబ్బు అతనికి ఇంకా రావాలి.