కోర్సుల కిటికీ

విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ కోర్సుల కిటికీ వెనక ఆ గుమాస్తా పాతికేళ్లుగా కూర్చుంటున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ ముందు తన ఘనత చెబుతాడు. వానొస్తే కురిసే పల్లె బడిలో చదివి మొదటివాడిగా వచ్చాడట, ఈ కిటికీలో ఒక్క ఫారమూ తప్పు పోనివ్వలేదట. ఆ తర్వాతే అడుగుతాడు, “ఇంతకుముందు ప్రోగ్రామ్ రాశావా?” రాయనివాళ్లకి మొదటి కోర్సు, రాసినవాళ్లకి నేరుగా రెండోది. నిన్న ఒక తండ్రి కూతురికంటే ముందే కిటికీలోకి వంగాడు. “రెండోదే రాయండి సార్, మా అమ్మాయి మహా చురుకు.” గుమాస్తా కలం మూసేశాడు. “క్లాసులో మీరు కూర్చుంటారా ఏంటి? అమ్మాయిని చెప్పనివ్వండి.” వెనక వరుసలోవాళ్లు విసుక్కుంటున్నా అతను కదల్లేదు. చివరికి ఆ పిల్ల నేలచూపులు చూస్తూ, “రాయలేదండీ,” అంది. అతను మొదటి కోర్సుకే టిక్కు పెట్టాడు.

ఆరేళ్ల కిందట సొంత కూతురి ఫారం మాత్రం ఆమెను అడక్కుండానే రెండో కోర్సుకి నింపాడు, తన కూతురు మొదటి కోర్సులో కూర్చోవడమేమిటని. ఏమీ అర్థంకాని తరగతిలో మూడు నెలలు కూర్చుని, ఆ అమ్మాయి చదువే మానేసింది. నిన్న సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులైనా విడవకుండా అడిగాడు, “మళ్లీ చేరతావా తల్లీ? మొదటి కోర్సులోనే.” బట్టలు మడతపెడుతున్న కూతురు తలెత్తలేదు. చదువు మానేసినప్పట్నుంచీ అతను ఏమడిగినా చెప్పే మాటే చెప్పింది.

“మీ ఇష్టం నాన్నా.”